చేతులు వణకకుండా

ఇంతవరకూ జరిగింది రెండు ముక్కల్లో గుర్తు చేసుకుని ముందుకు పోదాం. ఈ అన్నదమ్ములిద్దరూ లిఫ్టు మెకానిక్కులు. ఒకే కంపెనీ, ఒకే వ్యాను, ఒకే పనిముట్ల పెట్టె. తమ్ముడు తాగుడికి బానిసైపోయాడు. కొన్ని నెలల కిందట పనిలో ఉండగా లిఫ్టు పెట్టె మీంచి కింది గుంటలో పడి కాలూ భుజమూ విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఎముకలు అతుక్కున్నాక తాగుడు మాన్పించే సెంటర్లో చేర్చారు. రోజూ పొద్దున్నే వాడికి మందు పోసి ఇచ్చింది ఎవరో అన్నయ్యకి తెలుసు. పోసింది అతనే. ఆ సంగతి కడుపులో పెట్టుకుని, సెంటరు వాళ్లు కబురు చేస్తే, మరదలితో కలిసి ఆ గేటు లోపలికి అడుగు పెట్టాడు.

వాళ్లని కూర్చోబెట్టిన గది ఒకప్పుడు సామాను గది అయ్యుండాలి. కిటికీ బాగా ఎత్తులో ఉంది. అందులోంచి పెరట్లో ఆరేసిన తెల్ల దుప్పట్ల పై అంచులు మాత్రం కనిపిస్తున్నాయి. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో పొట్టి బల్ల, దాని మీద నీళ్ల జగ్గు, మూత లేని కాగితపు రుమాళ్ల డబ్బా. అన్నయ్య చూపు ఆ డబ్బా మీదే ఆగింది. ఇక్కడికి వచ్చినవాళ్లు ఏడుస్తారని ముందే తెలిసి పెట్టినట్టుంది.

తమ్ముడు చంకకర్ర ఊతంతో వచ్చాడు. మొహం కాస్త నిండింది. గడ్డం నున్నగా గీసుకున్నాడు. కళ్ల కింద సంచులు పోయాయి. గుమ్మం దగ్గర ఆగి అన్నయ్యని చూసి నవ్వాడు.

"మెట్లెక్కి దిగి చస్తున్నానన్నయ్యా. ఇంత బిల్డింగు కట్టి లిఫ్టు పెట్టలేదు వీళ్లు. జీవితంలో పైకి రమ్మంటారు గాని, ఎలా రావాలో మాత్రం చెప్పరు."

వెనకే వస్తున్న కౌన్సెలరు నవ్వింది. పొట్టి జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు, నిదానమైన నడక. మరదలు నవ్వలేదు. ఆమె బట్టల షాపులో కొలతలు సరిచేసి కుట్టే పని చేస్తుంది. ఒళ్లో పెట్టుకున్న సంచి అంచుని బొటనవేలితో తడుముతూ, ఎక్కడ కుట్టు ఊడిందా అని చూస్తున్నట్టు తల వంచుకుని కూర్చుంది.

"వచ్చే వారం ఈయన్ని ఇంటికి పంపిద్దామనుకుంటున్నాం," అంది కౌన్సెలరు. "అంతకుముందు ఇంట్లోవాళ్లు ఒకసారి మనసు విప్పి మాట్లాడుకోవాలి. ఇక్కడ ముద్దాయిలెవరూ లేరు. ఏం జరిగిందో ఎవరి వైపు నుంచి వాళ్లు చెప్తే చాలు. అమ్మా, మీరు మొదలుపెడతారా?"

 మరదలు సంచి మీంచి చెయ్యి తీసింది.

"నేను వెతకని చోటు లేదు మేడమ్. నీళ్ల ట్యాంకు వెనక చూశాను. బూట్లలో చూశాను. పరుపు కుట్లు విప్పి మళ్లీ కుట్టాను. రాత్రి తాగాడంటే అర్థముంది, ఎక్కడో తాగి వస్తాడు. పొద్దున్న ఇంట్లోంచి వెళ్లేటప్పుడు చేతులు వణికే మనిషి, మధ్యాహ్నం ఫోన్ చేస్తే హుషారుగా మాట్లాడేవాడు. ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు అంతు చిక్కలేదు. పక్కింటి వెల్డరు మీద అనుమానం పడ్డాను. నా గుమ్మం ఎక్కొద్దన్నాను. వాళ్లావిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు."

"చెప్పండి."

"పడటానికి ముందురోజు సాయంత్రం నేనో మాటన్నాను." ఆమె మళ్లీ సంచి అంచు పట్టుకుంది. "నువ్వు లేకపోతే నేనూ పిల్లా హాయిగా బతుకుతాం అన్నాను. ఈయన ఏమీ అనలేదు. పళ్లెం కడుక్కుని వెళ్లి పడుకున్నాడు. మర్నాడు పడ్డాడు. ఆ మాట మనసుకి పట్టి, ఎక్కడో ఎక్కువ తాగేసి ఉంటాడు. లేకపోతే పడే మనిషి కాదు. అందరూ తాగుడు వల్ల పడ్డాడంటారు. తోసింది నేనే అని నాకు తెలుసు."

"ఊరుకోవే," అన్నాడు తమ్ముడు మెల్లిగా. "నీ మాటకీ దానికీ ఏం సంబంధం లేదు."

"మరి దేనికి సంబంధం?"

 కౌన్సెలరు తమ్ముడివైపు తిరిగింది. "పొద్దున్న పూట మీకు మందు ఎక్కడ దొరికేది?"

"ఎక్కడో ఒకచోట కొనుక్కునేవాణ్ణి."

"మీరు డ్యూటీకి వెళ్లే వేళకి షాపులు తీయరు గదా."

"ముందురోజే కొని దాచుకునేవాణ్ణి. తాగేవాడికి చోటు కరువా మేడమ్."

అలా అంటున్నంతసేపూ వాడు అన్నయ్యవైపు చూడలేదు. పొరపాటున కూడా చూపు అటు పోకుండా జాగ్రత్తపడ్డాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి చేసిన అల్లరికి తనొక్కడే దెబ్బలు తిన్న రోజుల్లో కూడా వాడు అంతే, కళ్లు నేలకేసి పెట్టుకుని నిలబడేవాడు.

"మా బావగారిని అడగండి మేడమ్," అంది మరదలు. "రోజూ పక్కనే ఉండేది ఆయన. ఈయన పనికి రాని రోజుల్లో ఈయన పని కూడా ఆయనే చేసి పెట్టేవారు. ఆయనే లేకపోతే మా సంసారం ఏనాడో వీధిన పడేది."

తిట్టినా బాగుండేది అనిపించింది అన్నయ్యకి. కౌన్సెలరు అతనివైపు చూసింది. తొందరపెట్టలేదు. ఆ చూపు కింద అతనికి ఆ మొదటి ఉదయం కళ్లకి కట్టింది.

ఆ రోజు ఇద్దరూ ఒక లిఫ్టు పెట్టె పైన నిలబడి తీగలు బిగిస్తున్నారు. తమ్ముడి చేతిలోంచి పానా జారింది. గోడలకి తగులుకుంటూ అంతస్తు తర్వాత అంతస్తు దాటి కింద గుంటలో పడి మోగింది. ఆ చప్పుడు ఆగాక అన్నయ్య వాడి చేతుల వైపు చూశాడు. చలి జ్వరం వచ్చినవాడి చేతుల్లా ఉన్నాయి. ఈ చేతులతో ఇక్కడ ఎలా నిలబడతావురా అంటే, ఒక్క గుక్క పడితే నిలుస్తాయన్నయ్యా అన్నాడు వాడు. ఇంటికి పంపిస్తే పైవాళ్లకి తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది. అన్నయ్యే దిగి వెళ్లి, తెలిసినవాడి చేత షాపు వెనక తలుపు తీయించి తెచ్చాడు. మళ్లీ అలా దేవులాడుకోనక్కర్లేకుండా మర్నాటికి ముందే తెచ్చి పెట్టుకున్నాడు. ఆ తర్వాత వ్యాన్లో సీటు కిందకి ఒక పాత ఫ్లాస్కు చేరింది. దాని మూతే కొలత. మూత నిండా కూడా పోసేవాడు కాదు. తాగించడానికి కాదు, వణుకు ఆపడానికే అనుకునేవాడు. మందు అనే మాటకి రెండర్థాలున్నాయి గదా, తను పోసేది మొదటి అర్థంలోదని సరిపెట్టుకునేవాడు.

సరిపెట్టుకోవడం ఎంత తేలికో. అన్నం తిన్నంత తేలిక.

"నువ్వు వెతికిన చోట్లలో దొరకదమ్మా అది," అన్నాడు అన్నయ్య. తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. "నా దగ్గర ఉండేది."

"అన్నయ్యా, ఊరుకో," అన్నాడు తమ్ముడు.

"పొద్దున్నే నేనే పోసి ఇచ్చేవాణ్ణి. రోజూ. వాడు దాచుకోవడం అబద్ధం. వెల్డరుకి ఏ పాపమూ తెలీదు."

మరదలు అతనివైపు చూసింది. వెంటనే కోపం రాలేదు ఆమెకి. చెప్పిన కొలతా, తెచ్చిన బట్టా సరిపోనప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో చూసుకుంటున్నట్టు, నుదురు చిట్లించి చూసింది.

"ఏ ఫ్లాస్కులో?"

"ఫ్లాస్కని నీకెలా..."

"వ్యాన్లో అంతకంటే దేన్లో పోస్తారు? నేను టీ పోసి ఇచ్చేదాన్ని. ఆ ఫ్లాస్కా?"

"కాదమ్మా. ఇంకోటి. సీటు కింద ఉండేది."

"పొద్దున్నే మీరొచ్చి గుమ్మంలో నిలబడేవారు. నేను టీ ఫ్లాస్కు మీ చేతికిచ్చేదాన్ని. 'వాణ్ణి నాకొదిలెయ్యమ్మా, నేను చూసుకుంటా' అనేవారు."

"అనేవాణ్ణి."

"చూసుకున్నారు."

 కిటికీ అవతల దుప్పట్లు గాలికి ఒక్కసారి లేచి పడ్డాయి.

"పిల్ల స్కూలు సంచి కూడా వెతికాను బావగారూ," అంది మళ్లీ. "పుస్తకాలన్నీ కింద గుమ్మరించి చూశాను. 'నాన్న నా సంచిలో దాచాడా అమ్మా' అని అది అడిగింది. ఆ తర్వాత అదే రోజూ స్కూల్నించి రాగానే సంచి తెచ్చి నా ముందు తెరిచి పెట్టేది, నేను అడగకుండానే. ఆ రోజుల్లో మీరు మా ఇంటికి వచ్చేవారు. భోంచేశారు. నేను ఇవన్నీ మీకు చెప్పుకుని ఏడ్చాను. మీరు విన్నారు."

అన్నయ్య తల ఎత్తలేదు. విన్నాడు. విని, ధైర్యం చెప్పి, నీళ్లు తాగమని గ్లాసు కూడా అందించాడు. అవన్నీ ఒక్కొక్కటే ఇప్పుడు ఎదురొస్తున్నాయి.

"మానేస్తే ఫిట్స్ వస్తాయని భయపడ్డానమ్మా. ఒకసారి వచ్చాయి, మిషను గదిలో. నీకు చెప్పలేదు. వాడు కొట్టుకుంటుంటే పళ్ల మధ్య గుడ్డ పెట్టి, నాకు తోచిందేదో చేశాను. ఆ రోజు నుంచి వాడికి పోయకుండా ఉండటానికి నాకు గుండె చాలలేదు."

"ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదమే. అది నిజం," అంది కౌన్సెలరు. "కాని అది చూడాల్సింది డాక్టరు. ఇంకో మాట, ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఇంటికెళ్లాక అవసరం పడొచ్చు, గుర్తుపెట్టుకోండి." ఆవిడ గొంతులో నింద లేదు. అందుకే అన్నయ్యకి మిగిలిందీ చెప్పకుండా ఉండటం కష్టమైంది.

"భయం ఒక్కటే అయితే నేను ఇంత సిగ్గుపడక్కర్లేదు మేడమ్. కొన్ని రోజుల్లో వాడి చేతులు వణికేవి కావు. అయినా పోశాను. ఓ మూతెడు పడితే వాడు పాత తమ్ముడిలా ఉండేవాడు. జోకులేసేవాడు. పని చకచకా అయ్యేది. నా పక్కన నవ్వుతూ ఓ మనిషి ఉండేవాడు. అందుకోసం పోశాను."

తమ్ముడు చంకకర్ర అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"వీడు పడ్డ రోజు సంగతి కూడా చెప్పేస్తాను," అన్నాడు అన్నయ్య మరదలితో. "ఆ రోజు నన్ను ఇంకో బిల్డింగుకి పంపారు. వ్యాను నేను తీసుకుపోయాను. ఫ్లాస్కు నాతోనే వచ్చేసింది. వీడికి ఆ పూట చుక్క పడలేదు. చేతులు వణికి పట్టు తప్పి పడ్డాడు. నీ మాట వల్ల కాదమ్మా. రోజూ పోసి అలవాటు చేసి, ఆ రోజు ఆపినందువల్ల. అంటే నా వల్లే."

మరదలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. కౌన్సెలరు రుమాళ్ల డబ్బా ఆమెవైపు జరిపింది. చాలాసేపటికి ఆమె చేతులు తీసింది. కళ్లు ఎర్రబడ్డాయి గాని, గొంతు మాత్రం తేటగా ఉంది.

"ఇన్ని నెలలూ ఆ మాట నేనొక్కదాన్నే మోశాను బావగారూ. ఆసుపత్రిలో మీ పక్కనే బల్ల మీద కూర్చుని, తోసింది నేనే అని చెప్పుకుని ఏడ్చాను. మీరు పోసినందుకు నాకు కోపం ఉంది. అది ఎప్పటికైనా పోతుందేమో. కాని అక్కడ నా పక్కనే కూర్చుని, నీ వల్ల కాదమ్మా అని ఒక్క మాట అనలేదు చూడండి. దాన్ని నేనేం చేసుకోవాలి?"

అన్నయ్య బల్ల మీది జగ్గు వైపు చూస్తూ కూర్చున్నాడు. 

"బయట కాసేపు నిలబడతాను," అని ఆమె లేచింది. కౌన్సెలరు అన్నదమ్ములిద్దరినీ ఒకసారి చూసి, ఆమె వెంట వెళ్లింది. తలుపు దానంతటదే దగ్గరగా పడింది.

అన్నయ్యకి గుండెల మీంచి ఏదో దిగినట్టు అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది. ఆమె బయట ఏడుస్తుంటే తను ఇక్కడ తేలికపడటమేమిటి? జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు వంచి తమ్ముడి ముందు పెట్టాడు. పెట్టాక తెలిసింది, ఇదీ అదే అలవాటని. వాడి ముందు ఏదో ఒకటి పోసి పెట్టకుండా ఉండలేడు.

"ఎందుకు చెప్పావన్నయ్యా? నేను చూసుకునేవాణ్ణి గదా."

"నా మీద పడాల్సినవన్నీ నువ్వెన్నాళ్లు మీద వేసుకుంటావురా?"

"మీద వేసుకోవడం కాదు." తమ్ముడు గ్లాసు ముట్టుకోలేదు. "చెప్పినవాటిలో ఒకటి తప్పు. ఆ రోజు నా చేతులు వణకలేదు."

"అదేంటి? ఫ్లాస్కు..."

"నీ ఫ్లాస్కు లేకపోతే లోకంలో మందు లేదా? దారిలో నేనే ఏర్పాటు చేసుకున్నాను. చేతులు రాయిలా ఉన్నాయి. లిఫ్టు పెట్టె అంచున ఉండే ఊచ నా చేతికి అందేంత దూరంలో ఉంది. పట్టుకోవచ్చు." వాడు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "పట్టుకోలేదు."

అన్నయ్యకి ఆ మాట ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి కూర్చున్నవాడే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ వాడి చేతుల్నే చూశాడు. వణుకుతున్నాయా, లేదా, పానా పట్టుకుంటున్నాయా, లేదా. ఆ చేతుల వెనకున్న మనిషికి ఎలా ఉందో ఒక్కనాడూ అడగలేదు.

"ఎప్పణ్ణుంచి రా?"

"తాగుడు కంటే ముందు నుంచే. తాగితే కాసేపు ఆ గొడవ ఉండేది కాదు. అందుకే తాగేవాణ్ణేమో, నాకూ సరిగ్గా తెలీదు."

"ఇప్పుడు? ఇప్పుడూ చచ్చిపోవాలనే అనిపిస్తోందా?"

అలా సూటిగా అడగొచ్చో లేదో అన్నయ్యకి తెలియదు. అడిగేశాడు. తమ్ముడు కిటికీ వైపు చూశాడు.

"నిద్ర లేచినప్పుడు అనిపిస్తుంది. ఇక్కడైతే లేవగానే చుట్టూ జనం, దుప్పట్లు మడవాలి, గంట కొడతారు. ఎలాగో గడిచిపోతుంది. ఇంటికెళ్లాక ఏమవుతుందో తెలీదు."

"ఆ మేడమ్‌కి చెప్పావా?"

"చెప్తే పంపిస్తారా? ఇంకో ఆసుపత్రిలో పడేస్తారు." వాడు ముందుకి వంగి అన్నయ్య మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు నిజంగానే గట్టిగా ఉంది. "ఆ సంగతి పక్కన పెట్టు. దానికి మాత్రం తెలియకూడదన్నయ్యా. ముందురోజు అదన్న మాట నువ్వు విన్నావు గదా. ఆ మాటకే ఇలా చేశాననుకుంటుంది. కాదంటే నమ్మదు. జన్మలో తేరుకోదు. నీ పుణ్యమా అని ఇవాళ దాని నెత్తి మీది బరువు దిగింది. మళ్లీ నువ్వే ఎక్కిస్తావా?"

అన్నయ్యకి మరదలి మొహం గుర్తొచ్చింది, చేతులు తీసినప్పటి తేటదనం. తమ్ముడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆమెకి ఈ మాట తెలిస్తే ఇందాక ఇచ్చింది మొత్తం లాక్కున్నట్టే. తెలియకపోతే వచ్చే వారం ఈ మనిషి ఇంటికి వెళ్తాడు. పొద్దున్నే నిద్ర లేస్తాడు. పక్కన ఆమె ఏమీ తెలియకుండా టీ పెడుతూ ఉంటుంది. తను మళ్లీ గుమ్మంలో నిలబడి, నేను చూసుకుంటానమ్మా అంటాడు. వాడు అడిగిందల్లా కాదనలేకపోవడమే ఇంతదాకా తెచ్చింది. ఇప్పుడూ వాడు బతిమాలుతూనే అడుగుతున్నాడు. అప్పుడూ ఇలాగే అడిగాడు.

"ఇది నేను దాచలేనురా," అన్నాడు.

"అన్నయ్యా."

"నా మీద కోపం పెట్టుకో. నాతో మాట్లాడకు. నువ్వు ఉంటే చాలు, మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఇది మాత్రం దాచను."

"ఏది దాచరు?"

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. మొహం కడుక్కుని వచ్చినట్టుంది, చెంపల దగ్గర జుట్టు తడిగా అంటుకుంది. తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఇద్దరూ గమనించలేదు.

అన్నయ్య మణికట్టు మీద తమ్ముడి పట్టు ఇంకా బిగిసింది. ఆ చేతి మీద అతను తన రెండో చెయ్యి వేశాడు.

"లోపలికి రా అమ్మా. మేడమ్‌ని కూడా పిలు. ఆవిడ లేకుండా చెప్పే మాట కాదు."

ఆమె వెనక్కి తిరగబోయింది. తమ్ముడు ఒక్కసారిగా చెయ్యి లాగేసుకున్నాడు. చంకకర్ర ఆనించి లేచి నిలబడ్డాడు. ఈ గదిలోకి వచ్చినప్పుడు మొహం మీద ఉన్న నవ్వు పూర్తిగా ఆరిపోయింది.

"పిలవండి," అన్నాడు నిదానంగా. "అందరినీ పిలవండి. నేను ఈ మాట అననే లేదంటాను. అన్నయ్యే కల్పించాడంటాను. ఇన్నేళ్లు దాని కళ్లెదుట నిలబడి అబద్ధం ఆడింది నువ్వన్నయ్యా. ఇందాకే నువ్వే ఒప్పుకున్నావు. ఇప్పుడు నీ మాట ఎవరు నమ్ముతారు?"

మరదలు ముందు మొగుణ్ణి చూసింది. తర్వాత చూపు మెల్లిగా తిప్పి బావగారి మొహం మీద నిలిపింది. ఆ చూపు ఇంకా అక్కణ్ణుంచి కదలలేదు.